యంత్రమునకు వ్రాయు ఉత్తరము

పాతకాలపు వాల్వు రేడియో వెనుక అట్టమూతను విప్పి చూచినవారికి మొట్టమొదట కనబడునది తీగల చిక్కు. ఎర్రవి, పచ్చనివి, నల్లనివి ఒకదానిపై ఒకటి పడి పిచ్చుకగూటివలె ఉండును. వానిలో ప్రతి తీగయు ఒక మనిషి చేతితో కొలిచి, కత్తిరించి, వంచి, టంకము పెట్టి అతికినదే. తరువాతి కాలపు ట్రాన్సిస్టరు రేడియోను విప్పినచో ఆ గూడు కానరాదు. దాని స్థానమున ఒక పలుచని పలకయు, ఆ పలకను అంటిపెట్టుకొని యున్న రాగిగీతలును కనబడును. తీగ చేయు పనిని గీత చేయుచున్నది. ఈ పలకనే వాడుకలో సర్క్యూటు బోర్డు అందురు.

తీగ పోయి గీత వచ్చుటతో ఒక కొత్త ఇబ్బంది పుట్టినది. తీగను అతుకువాడు దానిని ఎక్కడ అతుకవలెనో తన కంటితో తానే చూచుకొనును. గీత సంగతి అట్లు కాదు. గీసినవారు ఒకచోట నుందురు. ఆ గీతను రాగిలో నిలుపు యంత్రము మరియొకచోట నుండును. ఈ రెంటి నడుమ ఒక ఉత్తరము నడువవలెను. నేటి కంప్యూటరు వాడుకలో ఆ ఉత్తరమును సిద్ధపరచుటకే ఎగుమతి యని పేరు. పొగాకునో, అభ్రకమునో ఓడ కెక్కించుటకు ముందు మూటగట్టి గుర్తులు వేసినట్లు, గీసిన బొమ్మను యంత్రమునకు తెలియు రూపములోనికి మార్చి పంపుట యన్నమాట. ఆ ఉత్తరములో ఏమి వ్రాయవలెను? వ్రాయక విడిచిన సంగతి ఏమగును? ఈ రెండు ప్రశ్నలచుట్టును ఎనుబది యేండ్లకు పైబడిన చరిత్ర అల్లుకొని యున్నది.

ఈ చరిత్రలో ముఖ్యులైన ఇద్దరు ఒకే నగరమున పుట్టినవారగుట విశేషము. ఆ నగరము వియన్నా. ఇద్దరును యూదులు. ఆనాడు ఐరోపాలో పెచ్చు పెరిగిన యూదద్వేషమువలన ఇద్దరును పుట్టినగడ్డను విడువవలసి వచ్చెను.

మొదటివాడు పాల్ ఐస్లర్. ఆయన 1907లో జన్మించి, వియన్నాలోనే ఇంజనీరింగు పట్టము పొందెను. తన చదువునకు తగిన కొలువు స్వదేశమున దొరకక 1936లో ఇంగ్లండు చేరెను. లండనులో ఒక అద్దెగదిలో కాపురముండి, తీగలు లేని రేడియో నొకదానిని తయారుచేసెను. ఆయన త్రొక్కిన త్రోవ యిది: రాగిరేకును విద్యుత్తు పారని పలకపై అంటించుట, గీత ఉండవలసిన చోట ద్రావకమునకు లొంగని సిరాతో అచ్చు వేయుట, పిమ్మట పలకను ద్రావకములో ముంచుట. సిరా లేనిచోట రాగి కరిగిపోవును. సిరా క్రింది రాగి నిలుచును. అచ్చుకూటములలో బొమ్మల బ్లాకులు చేయు పద్ధతి నెరిగినవారికి ఇది సుపరిచితమైన పనియే. అచ్చుపనిని విద్యుచ్ఛాస్త్రమునకు బావమరదిని చేయుటయే ఐస్లర్ ఘనత.

ఆ రేడియోను ఒక సంస్థవారికి చూపగా, తీగలు అతుకుటకు ఆడపిల్లలు చౌకగా దొరకుచుండగా ఈ హంగామా యెందులకని వారు త్రోసిపుచ్చిరి. 1940లో, శత్రుదేశీయుడను పేరిట బ్రిటిషు ప్రభుత్వము ఆయనను కొంతకాలము నిర్బంధములో నుంచెను. విడుదలయైన పిమ్మట ఆయన హెండర్సన్ అండ్ స్పాల్డింగ్ అను శిలాముద్రణ సంస్థ నాశ్రయించి, 1943లో తన పద్ధతికి పేటెంటు కోరెను. ఇంతలో యుద్ధము తన అవసరమును తాను చెప్పినది. లక్ష్యమును సమీపించినప్పుడు తనంతట తాను ప్రేలు ఫ్యూజులను అమెరికావారు నిర్మించుచుండిరి. ఫిరంగినుండి వెడలునప్పటి అదటును తీగల అల్లిక భరించుట కష్టము. పలకను అంటియున్న గీతకు ఆ బాధ లేదు. ముద్రిత వలయములు ఆ ఫ్యూజులలో చోటు చేసికొనెను. 1948 నాటికి ఆ విద్య సైనిక రహస్యముల పెట్టెనుండి వెలువడి వర్తకులకు అందుబాటులోనికి వచ్చినది. అమెరికా సైన్యపు సంకేత విభాగమున పనిచేసిన డాంకో, అబ్రామ్‌సన్ అను వారిరువురు, భాగముల కాళ్లను పలక రంధ్రములలోనికి దూర్చి పలక నంతటిని ఒక్కసారిగా టంకములో ముంచు ఉపాయమును కనుగొనిరి. వారి పేటెంటు 1956లో మంజూరైనది. ఇక బోర్డు ఇంటింటి వస్తువగుటకు అడ్డు లేకపోయెను.

అయినను గీతను గీయవలసినది మనిషి చెయ్యియే. పారదర్శకమైన ఫిల్ముపై నల్లని సన్నని అంటుపట్టీలను పరచి, నిజమైన బోర్డుకు రెండింతలో నాలుగింతలో పెద్దదిగా బొమ్మను కట్టెడివారు. దానిని ఫోటో తీసి చిన్నది చేసెడివారు. నాలుగింతల బొమ్మలో ఒక మిల్లీమీటరు తప్పు జరిగినను, చిన్నది చేసిన తరువాత అది పావు మిల్లీమీటరుకు తగ్గును. చేతి వణకును కప్పిపుచ్చుటకు ఆ పెద్దరిక మన్నమాట. కాని పట్టీ జరుగును, ఎండకు సాగును, మూల లేచును. బోర్డులు దట్టమైనకొలది ఈ పద్ధతి చాలలేదు.

ఇక్కడ మన కథ వేరొక వాకిటినుండి వచ్చిన పాయతో కలియును. ఆ పాయ పుట్టినది ఇనుమును కోయు కార్ఖానాలలో. మిచిగన్ రాష్ట్రమున ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ అను ఆయన హెలికాప్టరు రెక్కలను చేయించుచుండెను. ఆ రెక్క వంపు చేతి అంచనాకు లొంగునది కాదు. వంపుమీద అనేక బిందువులను లెక్కగట్టి, ఆ అంకెలనే యంత్రమునకు అందించి కోయించిన నెట్లుండునని ఆయన తలచెను. 1949లో అమెరికా వైమానిక దళము ఇందుకు ధనసహాయము చేయ నంగీకరించెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి., పరిశోధకులు 1952లో అట్టి మిల్లింగు యంత్రమును నడిపి చూపిరి. దానికి మెదడు మన రేడియోలలోనివంటి వాల్వుల గుంపు. దానికి ఆజ్ఞలు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ. పనివాని చేతిలోని నేర్పు కాగితముపైకి ఎక్కినది.

కన్నులేని యంత్రమునకు ఆజ్ఞ ఎట్లుండును? ఎడమనుండి కుడికి ఎంత జరుగవలెను, దానికి ఎక్స్ అను అక్షరము. ముందుకు వెనుకకు ఎంత, దానికి వై. క్రిందికి ఎంత దిగవలెను, దానికి జెడ్. ఏ తీరున కదలవలెనో చెప్పుటకు జి అను అక్షరము. 'జి01 ఎక్స్10 వై5' అని వ్రాసినచో, కత్తి పదవ గడి, అయిదవ గడి కలియు చోటికి తిన్నగా కోసికొనుచు పోవలెనని అర్థము. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క భాష ఉండిన గందరగోళమగును గనుక, అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషను దీనికొక ప్రమాణమును ఏర్పరచినది. దాని పేరు ఆర్.ఎస్. 274. మన కథలో ఈ పేరును గుర్తుంచుకొనవలెను.

వియన్నాలో పుట్టిన రెండవవాడు జోసెఫ్ గెర్బర్. 1924లో జన్మించెను. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొన్నప్పుడు బాలుడు. తండ్రి నాజీల మారణకాండకు బలియయ్యెను. బాలుడు తల్లితో 1940లో అమెరికా చేరి, హార్ట్‌ఫర్డు నగరమున బ్రదుకు వెదకుకొనెను. ఇంజనీరింగు చదువునాట, గ్రాఫులోని విలువలను మాటిమాటికి లెక్కించుటకు విసిగి, తన పైజమా నడుముపట్టీలోని సాగు నాడాను ఊడదీసి, దానిపై సమదూరముగా గుర్తులు పెట్టెను. నాడాను లాగినప్పుడు గుర్తుల నడుమ దూరము మారునుగాని వాని నిష్పత్తి మారదు. ఏ కొలతకైనను అతుకు కొలబద్ద సిద్ధించినది. ఆ నాడాయే 1948లో స్థాపించిన గెర్బర్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీకి పెట్టుబడి యన్నను తప్పులేదు. 1994లో అమెరికా ప్రభుత్వము ఆయనకు జాతీయ సాంకేతిక పతకము నొసగినది.

1960 తరువాతి సంవత్సరములలో గెర్బర్ సంస్థ ఒక కొత్త యంత్రమును తెచ్చినది. దాని పేరు ఫోటోప్లాటరు. అందు కత్తికి బదులు కాంతి. ఇనుముకు బదులు ఫోటో ఫిల్ము. ఒక చక్రములో వేర్వేరు ఆకారముల రంధ్రములుండును. కావలసిన రంధ్రమును త్రిప్పి తెచ్చి, దానిగుండా కాంతిని ఫిల్ముపై పడవేసి, చీకటిగదిలో గీతలు గీయుదురు. గీయుటకు ముఖ్యమైన ఆజ్ఞలు మూడు. డి01 అనగా కాంతిని తెరచి జరుగుము. డి02 అనగా కాంతిని మూసి జరుగుము. డి03 అనగా ఉన్నచోటనే ఒక్కసారి మెరసి ఆరుము. మొదటిది గీతను గీయును, మూడవది చుక్కను పెట్టును. ఎక్స్, వై అక్షరములు ఇక్కడను అవియే. అంటుపట్టీల కాలము దీనితో అస్తమింప మొదలిడెను.

1980లో గెర్బర్ సంస్థ తన లిపిని గ్రంథరూపమున ప్రకటించుచు, ఇది ఆర్.ఎస్. 274-డి ప్రమాణములోని ఒక భాగమే యని చెప్పినది. హెలికాప్టరు రెక్కను కోసిన భాషయు, రేడియో బోర్డును గీసిన భాషయు ఒకే తల్లి బిడ్డలు. కాలక్రమమున ఇతర యంత్రముల తయారీదారులును గెర్బర్ లిపినే చదువ నేర్చిరి. ఎవరు గీసిన బొమ్మనైనను ఏ కార్ఖానాకైనను పంపగల స్వేచ్ఛ దీనివలన లభించినది.

అయితే ఆ లిపిలో ఒక లోపముండెను. డి10 అని వ్రాసినచో చక్రములోని ఫలానా రంధ్రమును తెమ్మని అర్థము. ఆ రంధ్రము గుండ్రనిదా, చదరపుదా, వెడల్పెంత? అది ఉత్తరములో లేదు. వేరొక కాగితముపై పట్టికగా వ్రాసి పంపవలెను. కార్ఖానాలో ఎవరో ఆ పట్టికను చూచి చేతితో ఎక్కించుకొనవలెను. పట్టిక పోయినను, ఒక వరుస తారుమారైనను, సన్నని గీత లావై ప్రక్క గీతను తాకును. మరియొక చిక్కు దశాంశబిందువు. చోటు మిగుల్చుకొనుటకై ఆ లిపిలో బిందువును వ్రాసెడివారు కారు. 12500 అని యున్నదనుకొందము. చివరి నాలుగంకెలు దశాంశములని తలచిన యంత్రము 1.25 అంగుళము లనుకొనును. మూడంకెలే యని తలచినది 12.5 అంగుళము లనుకొనును. కొలత అంగుళములలోనా మిల్లీమీటర్లలోనా అన్నది తెలియనిచో తేడా 25.4 రెట్లు. యంత్రము అబద్ధమాడదు, కాని చెప్పని మాటను ఊహింపనుజాలదు.

ఈ లోపము తీరుటకు చాలకాలము పట్టినది. గెర్బర్ 1996లో మరణించెను. 1998లో బెల్జియమునకు చెందిన బార్కో సంస్థ గెర్బర్ సిస్టమ్స్ సంస్థను తనలో కలుపుకొనెను. విస్తృత గెర్బర్ లిపి, అనగా ఆర్.ఎస్. 274-ఎక్స్, ఆ కాలముననే ప్రమాణముగా స్థిరపడినది. రంధ్రముల ఆకారములు, కొలతల ప్రమాణము, దశాంశముల లెక్క, అన్నియు ఉత్తరములోనే తొలి వరుసలలో వ్రాయబడును. వేరు కాగితముతో పనిలేదు. ఆ సంస్థకు వారసురాలైన యూకామ్‌కో 2014లో పాత లిపి ఇక చెల్లదని ప్రకటించినది. బొమ్మ తన అర్థమును తానే మోసికొనిపోవుట నాటితో నియమమైనది.

ఇంతవరకు పెద్ద కార్ఖానాల కథ. గడచిన ఇరువది ముప్పది యేండ్లలో బోర్డును చేయు పని చిన్న బల్లపైకి దిగివచ్చినది. బడిలోనో, పెరటి కొట్టులోనో ఉంచదగిన మిల్లింగు యంత్రములు, లేసర్ కోత యంత్రములు వచ్చినవి. కంప్యూటరుపై బోర్డు గీయుటకు వెలలేని సాధనములును వచ్చినవి. ఫ్రాన్సులో జీన్ పియర్ షరా 1992లో ఆరంభించిన కీకాడ్ అట్టిదే. ఐరోపాలోని సెర్న్ పరిశోధనాలయము దానికి చేయూత నిచ్చినది. ఇట గీసిన బొమ్మను గెర్బర్ రూపమునను, యంత్రచిత్రలేఖనమునకు వాడు ఇతర రూపములందును ఎగుమతి చేయవచ్చును.

కాని గెర్బర్ ఉత్తరమును తిన్నగా మిల్లింగు యంత్రము చేతికిచ్చినచో ఏమగును? అనర్థమగును. ఫోటోప్లాటరు గీత గీసినచోట రాగి మిగులును. మిల్లింగు కత్తి నడచినచోట రాగి పోవును. ఒకే మాటకు ఇద్దరి చెవిలో వ్యతిరేకార్థములు. పెడనలో కలంకారీ అద్దకపు దిమ్మలను చెక్కు పనివారిని చూచినవారికి ఇది వెంటనే బోధపడును. అద్దకమున పడవలసిన పువ్వును ఆయన ఉలి తాకదు. పువ్వు చుట్టునున్న కొయ్యను తొలగించును. మిల్లింగు పనియు అంతే. రాగిగీతను విడిచి, దాని అంచు వెంబడి, కత్తి వెడల్పులో సగము దూరముగా నడువవలెను. ఆ అంచు త్రోవను లెక్కగట్టి జి-భాషలో మరల వ్రాయుటకే నడుమ నొక అనువాదకుడు కావలసివచ్చును. పీసీబీ2జీకోడ్, ఫ్లాట్‌క్యామ్ వంటి ప్రోగ్రాములు చేయునది ఈ అనువాదమే. విడిపోయిన తోబుట్టువులను మరల మాటలాడించుట యన్నమాట.

ఈ అనువాదమున మెలకువలు కొన్ని గలవు. బోర్డుపై రాగిపొర మందము సాధారణముగా 0.035 మిల్లీమీటరు మాత్రమే. దానిని కోయు కత్తి కొన ములికివలె నుండును. అరువది డిగ్రీల కొనగల కత్తి మిల్లీమీటరులో పదవవంతు అధికముగా దిగినచో, కోత వెడల్పు 0.115 మిల్లీమీటరు పెరుగును. కనుక బల్ల సమతలముగా లేకున్న, ఒక మూల రాగి తెగక మిగులును. మరియొక మూల గీతయే సన్నబడును. బోర్డు అడుగుభాగమును కోయునప్పుడు పలకను త్రిప్పి పెట్టుదుము గనుక, బొమ్మను అద్దములోని నీడవలె తిరగవేయవలెను. రంధ్రములు తొలుచు ఆజ్ఞలు వేరొక పత్రములో నుండును. వానికి ఎక్సెలాన్ అను తొలుపు యంత్రముల సంస్థ పేరే నిలిచినది. గీతల పత్రమును, రంధ్రముల పత్రమును ఒకే మూలబిందువునుండి కొలువకున్న, రంధ్రము గీతకు ప్రక్కన పడును. గాజునారతో చేసిన పలకను కోయునప్పుడు లేచు ధూళి ఊపిరికి హానిచేయును. దానిని పీల్చుకొనునట్టి గొట్టమును అమర్చుకొనుట విస్మరింపరాదు.

లేసర్ సంగతి వేరు. 1960లో మైమన్ తొలి లేసర్‌ను వెలిగించెను. నేటి చిన్న కోత యంత్రములలో అనేకమునకు ప్రాణమైన కార్బన్ డయాక్సైడు లేసర్‌ను 1964లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కనుగొన్నవాడు కుమార్ పటేల్. ఆయన మహారాష్ట్రలోని బారామతిలో జన్మించి, పూనాలో ఇంజనీరింగు చదివినవాడు. కొయ్యను, తోలును, అట్టను ఇట్టే కోయు ఆ కిరణము రాగిముందు చేతులెత్తును. రాగి దానిని అద్దమువలె వెనుకకు త్రిప్పికొట్టును. అందుచేత పనివారు రాగిపై నల్లరంగును పూసి, లేసర్‌తో రంగును మాత్రము కాల్చి, పలకను ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో ముంచుదురు. రంగు కాలినచోట రాగి కరగును. గమనించితిరా? ఐస్లర్ అద్దెగదిలో చేసినదియు ఇదియే. సిరా అచ్చు వేయుటకు బదులు రంగును కాల్చుచున్నాము. ఇక్కడను కాల్చవలసినది గీతను కాదు, గీతలు లేని ఖాళీని. కనుక బొమ్మను నలుపు తెలుపులు తారుమారు చేసి ఎగుమతి చేయవలసి యుండును.

ఈ విద్య మన దేశమున పల్లెకును చేరినది. ఎం.ఐ.టి.లో నీల్ గెర్షన్‌ఫెల్డ్ అను ఆచార్యుడు 1998లో, దాదాపు ఏ వస్తువునైనను ఎట్లు చేయవచ్చునో నేర్పు తరగతిని ఆరంభించెను. దానినుండి ఫ్యాబ్ ల్యాబ్ అను చిన్న కర్మశాలల ఉద్యమము పుట్టినది. అమెరికా వెలుపల తొలి ఫ్యాబ్ ల్యాబులలో ఒకటి 2002లో పూనాకు సమీపమున పాబల్ గ్రామములోని విజ్ఞాన ఆశ్రమమున వెలసినది. డాక్టరు కల్బాగ్ గ్రామీణ బాలురకు పనిద్వారా చదువు చెప్పుటకై 1983లో స్థాపించిన సంస్థ యది. ఫ్యాబ్ ల్యాబులలో విద్యార్థులు బోర్డును నలుపు తెలుపుల బొమ్మగా యంత్రమునకు పంపుట వాడుక. తెలుపు ఉన్నచోట రాగి నిలుచును. నలుపు ఉన్నచోట కత్తి నడచును. ఇంతకన్న తేటయైన ఒడంబడిక ఉండబోదు. అయినను అంగుళమునకు ఎన్ని చుక్కలో బొమ్మతోపాటు చెప్పనిచో, బోర్డు పరిమాణమే మారిపోవును. గెర్బర్ పాత లిపిని బాధించిన జబ్బు కొత్త వేషమున వెంట వచ్చుచునే యున్నది.

ఇన్ని యంత్రముల నడుమ తెలియవలసినది ఒక్కటి. బోర్డు చెడుటకు యంత్రపు బలహీనత మాత్రమే కారణము కాదు. ఉత్తరములో వ్రాయక, అందరికి తెలిసినదే గదా యని విడిచిన మాట తరచుగా దానిని చెరచును. కొలత ఏ ప్రమాణములో, లెక్క ఏ మూలనుండి, బొమ్మ పలకకు ఏ ప్రక్కది, గీసినది ఉంచవలసినదా తీయవలసినదా, ఈ నాలుగును ఉత్తరములో ఉన్నచో అది వియన్నాలో వ్రాసినను పాబల్‌లో చదువవచ్చును.

కాంతిరంధ్రముల చక్రమును త్రిప్పిన ఆ తొలి ఫోటోప్లాటర్లు నేడు వాడుకలో లేవు. చిల్లుల కాగితపు పట్టీయు పోయినది. డి01, డి02, డి03 అను ఆ మూడు ఆజ్ఞలు మాత్రము ఈనాడును ప్రతిదినము కార్ఖానాలకు నడచుచున్నవి. యంత్రములు పాతబడును. ఏ సంగతియు దాచక, పదిమందికి తెలిసిన లిపిలో వ్రాసిన ఉత్తరము మాత్రము యంత్రముకన్న ఎక్కువకాలము బ్రదుకును.